కొండ నుంచి దువోమో దాకా: మిలాన్ పాలరాయి వెంట మా ప్రయాణం

ఆదివారం, మెర్గోజ్జో

మిలాన్ కేథడ్రల్‌ని ఆ ఊరివాళ్లు దువోమో అంటారు. దాన్ని చూడ్డానికే అంత దూరం వెళ్లి, ముందు దాని మొహమైనా చూడకుండా సెంట్రల్ స్టేషన్‌లో దొమొదోస్సొలా వైపు వెళ్లే రైలెక్కేశాం. ప్లాన్ నాదే. మా పిన్ని కొడుకు మిలాన్‌లో ఎమ్మెస్ చేస్తున్నాడు, వాడికిది అస్సలు నచ్చలేదు. "మెట్రో దిగితే ఎదురుగానే ఉంటుంది గదక్కా, కొండల్లో తిరగడం ఎందుకు" అన్నాడు. రాయి ఎక్కడ బయల్దేరిందో మనమూ అక్కడ బయల్దేరదాం, అది వచ్చిన దారినే వద్దాం అని చెప్పి ఒప్పించాను. మాది బేతంచెర్ల వైపు. నాపరాళ్ల గనులు, పాలిష్ ఫ్యాక్టరీలు, రోడ్డు పక్కన పేర్చిన బండలు చూస్తూ పెరిగాను. అందుకేనేమో, ఏ పెద్ద కట్టడం చూసినా ఈ రాయి ఎక్కడిది, ఎవరు మోశారు అన్న ప్రశ్నే ముందొస్తుంది నాకు.

ఆ ప్రశ్నకి దువోమో దగ్గర దొరికినంత సూటి జవాబు చాలా కొద్ది కట్టడాల దగ్గరే దొరుకుతుంది. పని మొదలైంది 1386లో. అప్పటి ఆర్చిబిషప్ ఆంతోనియో ద సలూజ్జో. పాలకుడు జాన్ గలేయాజ్జో విస్కోంతి, ముందు ఏడాదే సొంత చిన్నాన్న బెర్నబోని పట్టి బంధించి అధికారం మొత్తం చేతిలోకి తీసుకున్నవాడు. మొదట ఆ ప్రాంతపు అలవాటు ప్రకారం ఇటుకతోనే కడదామనుకున్నారు. విస్కోంతికి అది ఆనలేదు, ఆల్ప్స్ అవతల ఫ్రాన్స్‌లో, జర్మనీలో లేస్తున్న పెద్ద గోథిక్ చర్చిలకు తనది తీసిపోకూడదనుకున్నాడు. 1387లో కాందోల్యా కొండలోని పాలరాయిని గుడి పనికి రాసిచ్చేశాడు. రాయికి వెల లేదు, దారిలో సుంకం లేదు. అదే ఏడాది పని నడిపించడానికి ఒక సంస్థ పెట్టారు, దాని పేరు వెనెరాందా ఫబ్బ్రికా. ఆ సంస్థ ఇవాళ్టికీ ఉంది. ఇవాళ్టికీ అదే కొండని తవ్వుతోంది, అదే గుడికి ఆ రాయి చేరవేస్తోంది. ఈ ఒక్క సంగతే నన్ను ఈ ప్రయాణానికి లాగింది.

వెర్బానియాలో రైలు దిగి బస్సులో మెర్గోజ్జో చేరేసరికి సాయంత్రమైంది. చిన్న ఊరు, చిన్న సరస్సు. ఒకప్పుడు ఇది పక్కనున్న మజ్జోరే సరస్సులో భాగమేనట, తోచే నది తెచ్చిన ఒండ్రు మట్టి మేట వేసి రెండుగా విడగొట్టింది. రాత్రి పోలెంతా తిన్నాం, మొక్కజొన్న పిండి ఉడికించి చేసేది. బానే ఉంది.

సోమవారం, కాందోల్యా

గని చూడ్డానికి మనిష్టం వచ్చినప్పుడు వెళ్లడం కుదరదు. అనుమతి ఉన్న రోజుల్లో, ముందే పేరు రాయించుకుంటే, గుంపుగా తీసుకెళ్తారు. నేను ఇంటి దగ్గర నుంచే ఏర్పాటు చేసుకున్నాను. కొండ కింద పల్లెలో రాళ్ల యార్డు, రంపాల షెడ్డు ఉన్నాయి. అక్కడే హెల్మెట్లు ఇచ్చి, వ్యాన్‌లో మెలికల దారిన పైకి తీసుకెళ్లారు.

గని అంటే నా మనసులో ఉన్న బొమ్మ వేరు. మా వైపు నేల మీద నుంచి కిందికి, పొర తర్వాత పొర లేపుకుంటూ పోతారు, పైన ఎర్రటి ఎండ. ఇక్కడ కొండ పక్కటెముకలోకి నిలువుగా కోసుకుంటూ లోపలికి పోయారు. పాలరాయి పొర నిటారుగా నిలబడి ఉంది కాబట్టి గని కూడా నిటారుగా, సన్నగా, చాలా ఎత్తుగా తయారైంది. బయట సెప్టెంబరు ఎండ బాగానే ఉన్నా లోపల వణికించే చలి. పై నుంచి నీళ్లు కారుతున్నాయి. రెండు పక్కలా కోసిన గోడలు నున్నగా ఉన్నాయి. ఇప్పుడు వజ్రపు పూసలు గుచ్చిన ఇనుప తీగతో కోస్తారు. అంతకు ముందు మెలితిప్పిన తీగ, ఇసుక, నీళ్లు. అంతకంటే వెనక్కి పోతే మేకులు, సమ్మెటలు, మనుషులు, అంతే. తవ్వే కొద్దీ రెండు పక్కల గోడల మీద కొండ బరువు పెరుగుతుంది కనుక ఏ గోడ ఎంత కదిలిందో ఎప్పటికప్పుడు కొలుస్తూ ఉంటారట.

తాజాగా కోసిన ఒక దిమ్మ దగ్గర గైడ్ చెయ్యి పెట్టి చూడమంది. ఫొటోల్లో దువోమో తెల్లగా కనిపిస్తుంది గానీ దగ్గరగా చూస్తే ఈ రాయి తెలుపు కాదు. లేత గులాబీ రంగు, దానిలో బూడిద రంగు చారలు, అక్కడక్కడ పచ్చదనం తగిలిన గీతలు. పలుకులు పెద్దవి, కల్లుప్పులా మెరుస్తాయి. కొన్నిచోట్ల చిన్న చిన్న తుప్పు చుక్కలు కనిపించాయి. రాయిలోపలే ఇనుము ఉన్న ఖనిజం ఉందట, గాలి తగిలాక అదే గోధుమ రంగు మరకగా బయటికొస్తుంది. బీట ఉన్నది, మరక ఎక్కువున్నది తీసి పక్కన పెడతారు, తవ్విందంతా గుడికి ఎక్కదు. మంచి దిమ్మ దొరికితే ఆ రోజు పండగే అని అక్కడ పనిచేసే పెద్దాయన ఒకాయన అన్నాడని గైడ్ మాకు ఇంగ్లీషులో చెప్పింది. ఆ మాట మా ఊళ్లో గని మేస్త్రీ నోట కూడా విన్నాను.

కిందికి దిగాక తోచే నది ఒడ్డుకు నడిచాం. పై నుంచి దిమ్మల్ని చెక్క బండ్ల మీద పెట్టి, మోకులతో పట్టి ఆపుకుంటూ కొండ వాలున దింపి ఇక్కడ పడవలకి ఎక్కించేవాళ్లు. మోకు తెగితే ఏమయ్యేదో ఆ వాలు చూస్తేనే అర్థమవుతుంది. ఇక్కడి నుంచి మిలాన్ దాదాపు 100 కిలోమీటర్లు, ఆ దారంతా నీళ్ల మీదే. తోచే నది, మజ్జోరే సరస్సు, తిచీనో నది, ఆ తర్వాత మనుషులు తవ్విన కాలువ. పడవల మీద ఎ.యు.ఎఫ్. అని మూడు లాటిన్ అక్షరాలు రాసేవాళ్లు, గుడి పని సరుకు అని దానర్థం. ఆ అక్షరాలున్న పడవని ఏ సుంకం చౌకీలోనూ ఆపేవాళ్లు కాదు. 1920ల దాకా, అంటే 5 శతాబ్దాలకు పైగా రాయి ఇలా నీటి మీదే వెళ్లింది. ఇప్పుడు లారీలు.

మంగళవారం, అరోనా

మజ్జోరే సరస్సు గురించి రాయాలంటే చాలా రాయొచ్చు గానీ అందరూ రాసేదే. దీవుల మీది తోటలు, రాజభవనాలు, ఐస్‌క్రీమ్, సెల్ఫీలు. పడవలో వాటి పక్కనుంచే పోయాం. నా దృష్టంతా నీళ్ల మీదే ఉంది. గాలి లేచిన రోజు రాళ్ల పడవ ఇక్కడ ఎలా నిలదొక్కుకునేదో అని.

అరోనాలో మాత్రం దిగి తీరాలి. కార్లో బొర్రొమేయో 1538లో పుట్టింది ఈ ఊరి కోటలోనే. 1564లో మిలాన్ ఆర్చిబిషప్ అయ్యాడు, 1576లో ప్లేగు వచ్చినప్పుడు చాలామంది పెద్దలు ఊరొదిలి పోయినా తను ఉండిపోయాడు, 1577లో ఇంకా సగం పని మిగిలున్న దువోమోని ప్రతిష్ఠ చేశాడు. సగం అంటే నిజంగానే, ముందు భాగమే లేదు, నడి శిఖరం లేదు. మొదలుపెట్టి 191 ఏళ్లయినా అప్పటికి ఆ పరిస్థితి. ఊరి పైన కొండ మీద ఆయన రాగి విగ్రహం ఉంది, 1698లో పూర్తయింది, పీఠంతో కలిపి 35 మీటర్ల ఎత్తు. లోపల నిచ్చెన లాంటి మెట్లెక్కి విగ్రహం కళ్లల్లోంచి సరస్సు చూడొచ్చు. తమ్ముడు ఎక్కాడు, నేను కింద కూర్చున్నాను, లోపల చాలా ఇరుకుగా, వేడిగా ఉంది.

బుధవారం, నవీల్యో గ్రాండే

సెస్తో కలెందే దగ్గర సరస్సు మళ్లీ నదవుతుంది, అక్కణ్ణుంచి తిచీనో. కారు మాట్లాడుకుని నది వెంట తోర్నవెంతో దాకా వచ్చాం. ఈ మధ్యలో నది మంచి వేగం, రాళ్లు, సుడులు, పడవ నడిపేవాళ్లు భయపడిన చోటు ఇదే. తోర్నవెంతో దగ్గర నదిలోంచి కాలువ విడిపోతుంది. అదే నవీల్యో గ్రాండే.

ఈ కాలువని గుడి కోసం తవ్వలేదు, గుడి ఊహలో కూడా లేనప్పుడు, 12వ శతాబ్దం చివర్లో, పొలాలకి నీళ్ల కోసం మొదలుపెట్టారు. 13వ శతాబ్దంలో మిలాన్ దాకా తెచ్చి, వెడల్పు చేసి, పడవలు తిరిగేలా చేశారు. పొడవు దాదాపు 50 కిలోమీటర్లు, అంత దూరానికి వాలు 34 మీటర్లే, దారిలో ఒక్క లాకు కూడా లేదు. ఇది చదివినప్పుడు నేను మళ్లీ మళ్లీ చదివాను. ఏ యంత్రమూ లేని రోజుల్లో ఆ వాలు సరిగ్గా పట్టుకోవడం మాటలా! కాటన్ దొర ఆనకట్ట కింద గోదావరి కాలువల్లో పడవ ప్రయాణాలు గుర్తున్న పెద్దవాళ్లు ఎవరైనా ఇది చదువుతుంటే, కాలువకి వాలు పట్టుకోవడం ఎంత కష్టమో వాళ్లకి నేను చెప్పక్కర్లేదు.

అబ్బియాతెగ్రాస్సో దగ్గర కాలువ మిలాన్ వైపు తిరుగుతుంది. అక్కడ సైకిళ్లు అద్దెకు తీసుకున్నాం. కాలువ గట్టు మీద దారి చదునుగా ఉంటుంది, ఎవరైనా తొక్కొచ్చు. వరి పొలాలు, మొక్కజొన్న, పాత జమీందారీ భవనాలు, గజ్జానోలో రంగు రంగుల ఇళ్ల నీడలు నీళ్లల్లో. మేం తొక్కింది ఒకప్పుడు గుర్రాలు నడిచిన దారి. రాయి ఎక్కించిన పడవ వాలున తనే వచ్చేసేది, ఖాళీ పడవని వెనక్కి ఎదురు నీటిలో లాగడానికి గుర్రాలు కట్టేవాళ్లు. రావడం గంటల్లో, పోవడం రోజుల్లో. ఈ లెక్క తెలిశాక నాకు గుడి కట్టడానికి పట్టిన కాలం మీద కొంచెం మర్యాద పెరిగింది. మనం బద్ధకం అనుకుంటాం, డబ్బుల్లేక ఆగింది అనుకుంటాం, రెండూ కొంత నిజమే గానీ ప్రతి దిమ్మ వెనకా ఒక పడవ తిరుగు ప్రయాణం కూడా ఉంది.

సాయంత్రానికి మిలాన్. కాలువ పక్కన చాకలి రేవు ఒకటి ఇంకా అలాగే ఉంచారు, బట్టలు రుద్దిన రాతి బల్లలతో సహా. చుట్టూ ఇప్పుడు హోటళ్లు, బార్లు, విపరీతమైన రష్.

గురువారం, దార్సెనా నుంచి చౌక్ దాకా

కాలువలన్నీ కలిసే పడవల రేవు దార్సెనా. అక్కణ్ణుంచి దువోమో రెండు కిలోమీటర్లు కూడా ఉండదు, కానీ అప్పటివాళ్లకి అసలు చిక్కు ఇక్కడే వచ్చింది. బయటి కాలువ, ఊరి కోట చుట్టూ ఉన్న కందకం ఒకే మట్టంలో లేవు. టన్నుల రాయి ఇక్కడ దింపి బండ్ల మీద ఊళ్లోంచి తీసుకెళ్లాలి. దానికి పరిష్కారంగా 15వ శతాబ్దంలో, జాన్ గలేయాజ్జో కొడుకు ఫిలిప్పో మరియా విస్కోంతి కాలంలో, వియారెన్నా లాకు కట్టారు. తలుపులు మూసి, నీళ్లు నింపి, పడవని పై మట్టానికి లేపి లోపలి కాలువలోకి వదలడం. 1497లో అప్పటి మిలాన్ పాలకుడు లూదొవీకో స్ఫోర్జా, చనిపోయిన తన భార్య బియాత్రీచే జ్ఞాపకార్థం ఆ లాకుని ఫబ్బ్రికాకి ఇచ్చేశాడు. ఆ లాకు తొట్టి ఇప్పటికీ ఒక చిన్న పార్కులో ఉంది. నీళ్లు లేవు, గడ్డి మొలిచింది, పక్కన పిల్లలు ఆడుకుంటున్నారు. మేం తప్ప టూరిస్టు ఒక్కడు లేడు. నా మటుకు నాకు దువోమో కథలో దువోమో తర్వాత ముఖ్యమైన చోటు ఇదే.

లోపలి కాలువల్ని 1929, 1930ల్లో కప్పేసి రోడ్లు వేశారు. ఆ రోడ్డు వంపు పట్టుకుని నడిస్తే పాత కాలువ దారే. అది పాత ఆసుపత్రి భవనం వెనక్కి తీసుకెళ్తుంది, అందులో ఇప్పుడు స్టేట్ యూనివర్సిటీ నడుస్తోంది. అక్కడ వియా లగెత్తో అనే చిన్న వీధి. రాళ్ల పడవలు చివరికి వచ్చి ఆగే చెరువు ఇక్కడే ఉండేది, సాంతో స్తెఫానో చెరువు. 19వ శతాబ్దంలో పూడ్చేశారు. వీధిలో నిలబడితే అపార్ట్‌మెంట్లు, స్కూటర్లు, ఒక సెలూన్. ఇంకాసేపు నడిచి మలుపు తిరగ్గానే దువోమో వెనక భాగం కనిపించింది.

చౌక్ వైపు నుంచి కాకుండా ఈ వైపు నుంచి రమ్మని అందరికీ చెప్తాను. ముందు భాగం అందరూ చూసేదే, కానీ అది చివర్లో వచ్చింది. కట్టడం మొదలైంది ఈ వెనక వైపు నుంచే. మూడు పెద్ద కిటికీలు, వాటి రాతి అల్లిక, పైన మొట్టమొదటి శిఖరం. ఆ శిఖరం 1404లో నిలబెట్టారు. దానికి డబ్బిచ్చింది రాజు కాదు, మార్కో కరేల్లి అనే వ్యాపారి. 1394లో చనిపోతూ 35,000 డుకాట్లు (అప్పటి బంగారు నాణేలు) గుడికి రాసిచ్చాడు.

డబ్బు సంగతి వచ్చింది కాబట్టి చెప్తాను. ఫబ్బ్రికా మొదటి నుంచీ ప్రతి విరాళం, ప్రతి ఖర్చు, ప్రతి సమావేశం రాసి పెట్టింది, ఆ పత్రాలు ఇప్పటికీ ఉన్నాయి. పునాదులు తవ్వే రోజుల్లో ఊళ్లో వృత్తి సంఘాల వాళ్లు వంతులు వేసుకుని జీతం లేకుండా పనికొచ్చారు. జనం ఉంగరాలు, బట్టలు, చేతిలో ఏదుంటే అది ఇచ్చేవాళ్లు, వాటిని వేలం వేసి సొమ్ము చేసేవాళ్లు. రాళ్లు మోసే ఒక ముసలావిడ ఇవ్వడానికి ఇంకేమీ లేక ఒంటి మీది పాత బొచ్చు కోటు ఇచ్చేసిందట. వేలంలో ఒకాయన దాన్ని కొని మళ్లీ ఆమెకే కప్పాడట. విస్కోంతి కొండ ఇచ్చాడు, సందేహం లేదు, కానీ ఈ చౌక్‌లో నిలబడి ఎవరి పేరు చెప్పుకోవాలి అంటే నేను ఆ ముసలావిడ పేరే చెప్తాను.

శుక్రవారం, లోపల

పొద్దున్నే వెళ్లాం. లైను అప్పటికే ఉంది, ఓ అరగంట పట్టింది.

లోపలికి అడుగు పెట్టగానే చీకటి. కళ్లు అలవాటు పడ్డాక ఒక్కొక్కటిగా కనిపిస్తాయి. 52 స్తంభాలు, వాటి తలల చుట్టూ మామూలు ఆకుల చెక్కడం బదులు గూళ్లు, గూళ్లల్లో విగ్రహాలు. పొడవు 158 మీటర్ల దాకా ఉంది, ఈ చివర నుంచి ఆ చివర మనుషులు చాలా చిన్నగా కనిపిస్తారు. తమ్ముడు సివిల్ వాడు, పైకి చూసి "అక్కా, ఆ రాడ్లు చూశావా" అన్నాడు. స్తంభానికీ స్తంభానికీ మధ్య అడ్డంగా ఇనుప కడ్డీలు. ఫ్రాన్స్ గోథిక్ చర్చిల్లో ఇలా కళ్లకి కొట్టొచ్చినట్టు ఉండవు. వాటి వెనక పెద్ద గొడవే ఉంది.

మిలాన్ మేస్త్రీలకి ఇంత పెద్ద గోథిక్ కట్టడం అనుభవం లేదు. అందుకని పారిస్ నుంచి, జర్మనీ నుంచి ఒకళ్ల తర్వాత ఒకళ్లని పిలిపించారు. నికోలా ద బొనవాంతూర్ వచ్చాడు, పోయాడు. హైన్రిష్ పార్లర్ వచ్చాడు, పోయాడు. ఉల్రిక్ ఫోన్ ఎన్సింగెన్ వచ్చి కొన్ని నెలలుండి పోయాడు. పునాదులు పడి స్తంభాలు లేస్తుంటే గుడి ఎత్తు ఎంత అన్నది ఇంకా తేలలేదు! వెడల్పుకి తగ్గ ఎత్తు లెక్కెయ్యడానికి చదరం కొలత ప్రకారం పోవాలా, త్రిభుజం ప్రకారమా అని వాదన. 1391లో పియాచెంజా నుంచి గబ్రియేలె స్తోర్నలోకో అనే లెక్కల పండితుణ్ణి పిలిపించి సమబాహు త్రిభుజం లెక్క వేయించారు. 1392లో మళ్లీ కూర్చుని ఆ ఎత్తు కూడా తగ్గించారు.

1399లో పారిస్ నుంచి జాన్ మిన్యో వచ్చాడు. వచ్చీ రాగానే ఇక్కడంతా తప్పులే అన్నాడు. స్తంభాలు బలహీనం, బయటి ఊత గోడలు చాలవు, ఇది కూలిపోతుంది అని కాగితం మీద రాసిచ్చాడు. శాస్త్రం వేరు, పనితనం వేరు అని మిలాన్ వాళ్లు వాదించారు. శాస్త్రం లేని పనితనం సున్నా అని ఆయన తెగేసి చెప్పాడు. మిలాన్ వాళ్లు తగ్గలేదు, మా సూది కమాను (పైన మొనదేలిన ఆర్చి) బరువుని పక్కలకి తోయదు, పైగా ఇనుప కడ్డీలు కడుతున్నాం అన్నారు. 1401లో మిన్యోని పంపించేశారు. ఈ మాటలన్నీ ఆ సమావేశాల పుస్తకాల్లోనే ఉన్నాయి.

ఎవరు కరెక్ట్? ఇక్కడ మేమిద్దరం స్తంభం పక్కన నిలబడి చాలాసేపు వాదించుకున్నాం. తమ్ముడు మిన్యో పక్షం. సూది కమాను పక్కలకి తోయదు అనడం తప్పే అంటాడు, తక్కువ తోస్తుంది గానీ తోయకుండా ఉండదు. నేను మిలాన్ మేస్త్రీల పక్షం. వాళ్లు చెప్పిన కారణం తప్పు కావచ్చు, కానీ వాళ్లు వేసిన కడ్డీ సరైనదే, గుడి నిలబడే ఉంది. చదువుకోని మేస్త్రీ చేతికి తెలిసింది నోటికి రాకపోవడం నేను మా వైపు ఎన్నిసార్లు చూశానో. అయితే తమ్ముడి పక్షాన కూడా ఒక సాక్ష్యం ఉందని ఒప్పుకోవాలి. 20వ శతాబ్దంలో భూగర్భ జలం తోడెయ్యడం, మెట్రో, ట్రాఫిక్ అదురు, అన్నీ కలిసి నేల కుంగింది, నడి శిఖరం మోసే నాలుగు పెద్ద స్తంభాలు బీటలు వారాయి. 1980ల మొదట్లో వాటి దెబ్బతిన్న రాళ్లని ఒక్కొక్కటే తీసి, పై బరువు అలాగే ఉండగా, కొత్త కాందోల్యా రాయి పెట్టారు. కళ్లు నిలిపి చూస్తే ఆ స్తంభాల రంగు మిగతావాటి కంటే కొంచెం వేరుగా తెలుస్తుంది.

ఆ నడి శిఖరం గుమ్మటం కోసం 1480ల్లో లియొనార్దో ద వించీ కూడా ఒక నమూనా చేసిచ్చాడు. చివరికి 1490లో పని ఆమదేయో, దోల్చెబువోనో అనే ఇద్దరు స్థానికుల చేతికి వచ్చింది. బలిపీఠం కింద బొర్రొమేయో దేహం ఉంది, అరోనా నుంచి వచ్చాం కదా, దిగి చూసి వచ్చాం. తలుపుల దగ్గర నేల మీద ఇత్తడి గీత, అది 1786లో మిలాన్‌లోని బ్రెరా అబ్జర్వేటరీ ఖగోళ శాస్త్రజ్ఞులు వేసింది. కప్పులోని చిన్న రంధ్రంలోంచి ఎండ పడి మధ్యాహ్నం ఆ గీత దాటుతుంది.

శనివారం, పైన

లిఫ్టు ఉంది, మెట్లూ ఉన్నాయి, 250 దాకా. మెట్లెక్కండి, ఓపికుంటే. మధ్యలో సందుల్లోంచి గోడ రాళ్లు చేతికందుతాయి.

పైన కప్పు మీద నడవొచ్చు, అది కూడా పాలరాతి పలకలే. 135 శిఖరాలు, మొత్తం గుడికి 3,400 విగ్రహాలు. అన్నిటి మధ్యలో 1769లో పూర్తయిన పెద్ద శిఖరం, దాని మీద 1774లో ఎక్కించిన బంగారు పూత మరియ తల్లి. ఊరివాళ్లు ముద్దుగా మదొన్నీనా అంటారు. కింది నుంచి బొమ్మంత కనిపిస్తుంది గానీ 4.16 మీటర్లు, నేల నుంచి 108.5 మీటర్ల ఎత్తులో. రెండో ప్రపంచ యుద్ధంలో విమానాలకి మెరుపు కనపడకుండా గుడ్డలు చుట్టారు.

నేను ఎక్కువసేపు కూర్చుంది మాత్రం ఒక చిన్న రెయిలింగ్ దగ్గర. దాని పూల చెక్కడంలో ఒక జాన ముక్క కొత్తది. అటూ ఇటూ పాత రాయి బూడిద రంగు తిరిగి, పలుకులు ఊడి గరుకుగా ఉంది, మధ్యలో ముక్క లేత గులాబీ, అంచులు పదును. సోమవారం కొండలో ముట్టుకున్న రాయే. అతుకు సన్నటి గీత. పాత పువ్వు ఎన్ని రేకులో కొత్తదానికీ అన్నే, ఉలి పోటు కూడా అదే వాటం. ఊరి పొగ ఈ రాయికి పెద్ద శత్రువు, అందుకే కొండ దగ్గర పని ఆగదు, పైన ఎప్పుడూ ఏదో ఒక మూల పరంజా ఉంటుంది. ఆ రోజు ఉత్తరం వైపు ఉంది. పరంజా గుడ్డ వెనక నుంచి ఉలి చప్పుడు వినిపిస్తూనే ఉంది.

పూర్తయింది ఎప్పుడు అని అడిగితే రకరకాల తేదీలు చెప్తారు. నెపోలియన్ 1805లో ఇక్కడే ఇటలీ రాజుగా కిరీటం పెట్టుకుని, ముందు భాగం త్వరగా ముగించమని ఒత్తిడి పెట్టాడు, 1813 నాటికి దాదాపు అయింది. హడావుడి పని, చూస్తే తెలుస్తుంది, వెనక భాగం లోతు దానికి రాలేదని నా అభిప్రాయం. చివరి కంచు తలుపు బిగించింది 1965 జనవరి 6న. పుస్తకాల్లో అదే ముగింపు.

మధ్యాహ్నం పక్కనే ఉన్న మ్యూజియం. పై నుంచి దించిన అసలు విగ్రహాలు ఇక్కడ కంటి ఎత్తులో చూడొచ్చు. 16వ శతాబ్దంలో మొదలుపెట్టిన పెద్ద చెక్క నమూనా ఉంది, గుడి ఎలా ఉండాలనుకున్నారో తరతరాల మేస్త్రీలు చూసుకోడానికి. తమ్ముడు దాని చుట్టూ తిరుగుతూ కడ్డీలు పెట్టారా లేదా అని వెతుకుతూనే ఉన్నాడు.

వెళ్లాలనుకునేవాళ్లకి. గని సందర్శన తేదీలు ముందు ఖాయం చేసుకుని, వాటిని బట్టి టికెట్లు తీసుకోండి, ఆ తేదీలు తక్కువ. గనిలోకి స్వెట్టర్, మంచి బూట్లు తప్పనిసరి. గుడిలోకి భుజాలు, మోకాళ్లు కప్పే బట్టలు. లోపలికి, పైకి, మ్యూజియంకి కలిపి ఒకటే టికెట్ దొరుకుతుంది, అది తీసుకోండి. కాలువ గట్టు మీద సైకిల్ ఎండాకాలం మధ్యాహ్నం వద్దు, దోమలు కూడా ఎక్కువ. టూర్ ప్యాకేజీలో దువోమోకి ఒక గంట, షాపింగ్‌కి మూడు గంటలు ఇస్తారు. దాన్ని తిరగేసి అడగండి, ఒప్పుకోకపోతే ఆ షాపింగ్ టైమ్‌లో నడుచుకుంటూ వియారెన్నా లాకు చూసి రండి, దానికి టికెట్ కూడా లేదు.